రేవు ఊళ్ళో అక్క చేసిన నిద్ర

నందిగామ కాలేజీలో నేను చరిత్ర చెప్పే రోజుల్లో గ్రీకు నాగరికత పాఠం ఎప్పుడూ పత్తి తీతల కాలంలో వచ్చేది. ఇంటి దగ్గర మనుషులు కావాలని పిల్లలు సగం మంది క్లాసుకి రాని రోజులవి. వచ్చిన సగం మంది కోసం నేను బోర్డు మీద కోస్ అనే ద్వీపం బొమ్మ గీసేదాన్ని. సిలబస్‌లో ఆ పేరు లేదు. అయినా గీసేదాన్ని. యుద్ధాలూ రాజులూ అన్ని దేశాల్లోనూ ఉన్నారు. ఆ ద్వీపంలో మాత్రం రేవు ఊరికి వెనక, కొండవాలు మీద వైద్యదేవుడి గుడి ఉండేదట. రోగులు ఓడల్లో వచ్చి, స్నానం చేసి, ఆ గుడి ఆవరణలో పడుకునేవాళ్ళట. దేవుడు కలలో కనబడి జబ్బు తగ్గిస్తాడని నమ్మేవాళ్ళట. ఈ ముక్క చెప్పగానే వెనక బెంచీలోంచి ఏటా ఎవరో ఒకరు, మన వేదాద్రిలో నిద్ర చేసినట్టా మేడమ్ అని అడిగేవాళ్ళు. అలాంటిదే అని చెప్పి ముందుకి వెళ్ళిపోయేదాన్ని. పరీక్షలో రాని విషయం మీద అంతకంటే టైము పెట్టడానికి లేదు. తొంభైల్లో చాలా ఏళ్ళు ఇలాగే గడిచాయి.

మా వైపు వేదాద్రి అంటే కృష్ణ ఒడ్డున నరసింహస్వామి. ఒంట్లో బాగోలేనివాళ్ళు, పిల్లలు లేనివాళ్ళు వెళ్ళి గుడి దగ్గర ఒక రాత్రి పడుకుని వస్తారు. చావు జరిగిన ఇంటివాళ్ళు కూడా వెళ్తారు. పెద్ద కర్మ అయ్యాక పుట్టింటివాళ్ళు వచ్చి, భర్త పోయిన మనిషిని గుడికి తీసుకెళ్ళి నిద్ర చేయిస్తారు. అది అయితే గానీ ఆమె ఇంకొకరి ఇంట్లో రాత్రి ఉండకూడదు. ఉంటే ఆ ఇంటికి కీడని నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. మా అక్కకి ఉంది.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. జగ్గయ్యపేటలో మిరపకాయల వ్యాపారం చేసే ఇంటికి కోడలిగా వెళ్ళింది. నిద్ర విషయంలో ఆమె మా బంధువుల్లో పేరు మోసిన మనిషి. పక్కన మిక్సీ తిరుగుతున్నా, పెళ్ళిలో సన్నాయి మేళం చెవి దగ్గరే మోగుతున్నా, గోడకి ఆనుకుంటే చాలు నిద్రపోయేది. బావగారు ఆ నిద్ర మీద జోకులేసి ఇంటికొచ్చినవాళ్ళందరినీ నవ్వించేవారు. అక్క కూడా నవ్వేది.

ఆయన నిద్రలోనే పోయారు. రెండువేల సంవత్సరం దాటి ఐదారేళ్ళయి ఉంటుంది. పొద్దున్నే అక్క కాఫీ కలుపుకొచ్చి లేపితే లేవలేదు. డాక్టరు వచ్చి చూసి, రాత్రి ఎప్పుడో గుండె ఆగిపోయిందన్నాడు. పక్క మంచం మీద అక్క తెల్లారేదాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. ఆ సంగతి ఎవరూ ఆమె ముందు ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం కూడా లేదు.

కర్మ అయ్యాక మా అన్నయ్యా నేనూ ఆమెని వేదాద్రి తీసుకెళ్ళాం. మంటపంలో చాపలు పరుచుకుని ముగ్గురం పడుకున్నాం. అలసిపోయి ఉన్నామేమో, అన్నయ్యకీ నాకూ వెంటనే నిద్ర పట్టేసింది. తెల్లారాక కృష్ణలో స్నానం చేసి, దర్శనం చేసుకుని ఆటోలో పేటకి తిరిగొస్తుంటే అక్క చాలా మామూలుగా చెప్పింది. తనకి రాత్రంతా కన్ను మూతపడలేదని, కాబట్టి తను నిద్ర చేసినట్టు కాదని. గుడిలో రాత్రి గడిపితే చాలని అన్నయ్య అన్నాడు. తర్వాత పూజారిగారిని అడిగిస్తే ఆయనా అదే మాట అన్నారు. అక్క అంతా విని తల ఊపింది గానీ ఒప్పుకోలేదు. గట్టిగా వాదించేవాళ్ళతో ఎలాగోలా నెగ్గుకు రావచ్చు. ఇలా తల ఊపేవాళ్ళతో కష్టం.

ఆ తర్వాత ఆమె ఒక్కతే మళ్ళీ మళ్ళీ వేదాద్రి వెళ్ళింది. వెళ్ళిన ప్రతిసారీ తెల్లవార్లూ మంటపంలో కూర్చుని తిరిగొచ్చింది. ఇంట్లోనూ అంతే. తెల్లవారుజామున కాస్త కునుకు, మధ్యాహ్నం కుర్చీలో ఇంకాస్త. డాక్టరు రాసిన మాత్రలు డబ్బాలో అలాగే ఉన్నాయి. నందిగామలో మా ఇంటికి పొద్దున బస్సుకి వచ్చేది, ఆవకాయో పొడో ఏదో ఒకటి తెచ్చేది, సాయంత్రం దీపాలు పెట్టేలోపు బస్టాండులో ఉండేది. ఒక్క రాత్రి ఉండమని బతిమాలితే నవ్వి చెప్పులు వేసుకునేది. నాకు ఒళ్ళు మండేది.

మా ఇంటితో ఆగితే ఫర్వాలేదు. అక్కకి ఒక్కతే కూతురు, బెజవాడలో ఉద్యోగం. మొదటి కాన్పు కష్టమైంది. రెండోసారి మూడో నెల రాగానే, అయిదో నెల నుంచి మంచం దిగడానికి లేదని డాక్టరమ్మ ముందే చెప్పేసింది. ఇంట్లో చిన్నపిల్ల ఉంది, అత్తగారు లేరు. అమ్మ వచ్చి కాన్పయ్యేదాకా ఉండాలి. కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో, నిద్ర చేయని తను రాత్రి ఎలా ఉంటానని అక్క భయం. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్తానంది. రోజూ పేట నుంచి బెజవాడకి. ఆ పిల్ల నాకు ఫోను చేసి, "పిన్నీ, అమ్మ రాకపోతే నేను ఎవర్ని పిలుచుకోను?" అని ఏడ్చింది.

ఆ నెలలోనే మా టూరు. హైదరాబాదు నుంచి చరిత్ర లెక్చరర్లూ రిటైరైన ఆఫీసర్లూ కలిసి టర్కీ, గ్రీసు చూడటానికి వెళ్తున్నారంటే ఎప్పుడో రెండు సీట్లు చెప్పి ఉంచాను. మావారికి విమానమంటే భయం. ఆ భయాన్ని ఆయన మోకాళ్ళ నొప్పి అంటారు. అందుకని రెండో సీటు అక్కది. వస్తుందని నేను అనుకోలేదు. కూతురు కూడా వెళ్ళమని పోరు పెట్టేసరికి ఒప్పుకుంది. ఒప్పుకోవడానికి ఆమె లెక్క ఆమెకుంది. హోటలంటే సత్రం లాంటిది, అక్కడ ఎవరి పొయ్యీ వెలగదు, ఎవరి పిల్లలూ ఉండరు, కీడు తగలడానికి ఎవరూ లేరు. టర్కీలో ఉన్నన్నాళ్ళూ హోటళ్ళలో ఇబ్బంది లేకుండా ఉంది. పడుకుంటే మాత్రం నిద్ర లేదు. పొద్దున నేను లేచేసరికి తల దువ్వుకుని, బొట్టు బిళ్ళ పెట్టుకుని, కిటికీ దగ్గర కూర్చుని ఉండేది.

టర్కీ ఒడ్డు నుంచి చిన్న ఓడ మీద కోస్ చేరాం. నేను బోర్డు మీద గీసిన రేవు కంటే అసలు రేవు గుండ్రంగా ఉంది. ముఖద్వారానికి ఒక పక్కన కోట, లోపల వరసగా పడవలు, ఒడ్డున కాఫీ హోటళ్ళు. ఇన్నేళ్ళూ కుడి ఎడమలు తారుమారుగా గీశానని అక్కడికక్కడే తెలిసింది. నన్ను తప్పు పట్టడానికి పిల్లలెవరూ లేరు.

చిక్కు ఓడ దిగాక వచ్చింది. మేం ఉండాల్సిన హోటలువాళ్ళు గదులు వేరేవాళ్ళకి ఇచ్చేశారు. మా గ్రూపు లీడరు అటూ ఇటూ పరిగెత్తి, మమ్మల్ని నలుగురు, ఆరుగురు చొప్పున ఊళ్ళో ఇళ్ళల్లో సర్దాడు. మాకు వచ్చింది రేవు వెనక సందులో ఒక మేడ. ఇంటావిడ కింద ఉంటుంది, పై గదులు అద్దెకిస్తుంది. లోపల ఉల్లిపాయలు వేగుతున్న వాసన. గుమ్మం పక్కనే పసిపిల్ల ఉయ్యాల తొట్టి. అక్క ఆ తొట్టి చూసి, వేయబోయిన కాలు వెనక్కి తీసుకుంది.

"ఇది హోటలు కాదే. ఇల్లు," అంది.

డబ్బు తీసుకునేది హోటలేనని నేను వాదించాను. తల ఊపింది. సూటుకేసు లోపల పెట్టనిచ్చింది గానీ, తను పెరట్లో ద్రాక్షపందిరి కింద కుర్చీ వేసుకుని రాత్రంతా అక్కడే గడిపింది. ఇంటావిడ గది శుభ్రంగా లేదనుకుని కొత్త దుప్పట్లు తెచ్చి పరిచింది, దోమలు రాకుండా కాయిల్ వెలిగించింది, చివరికి తన శాలువా తెచ్చి అక్క కాళ్ళ మీద కప్పింది. కారణం చెబుదామంటే ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ చాలలేదు. చాలినా ఆ సంగతి ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో నాకు తెలియదు.

మర్నాడు ఊరు చూశాం. కోట గోడల్లో అక్కడక్కడా చెక్కిన రాళ్ళు అడ్డదిడ్డంగా కనిపించాయి. పూలదండ చెక్కిన పలక ఒకటి తలకిందులుగా, అక్షరాలున్న రాయి ఒకటి పక్కకి. కోట కట్టినవాళ్ళు పాత ఊళ్ళోంచీ కొండ మీది గుడిలోంచీ రాళ్ళు పీక్కొచ్చి కట్టారని గైడు చెప్పింది. నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. మా పేటలో బౌద్ధ స్తూపం ఉన్న దిబ్బ మీది పలకలు కూడా ఇలాగే ఎవరెవరి కట్టడాల్లోకో పోయాయి. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళిన ప్రతిసారీ అదే చెప్పేదాన్ని. ఆ రోజుల్లో అక్క డబ్బా నిండా పులిహోర చేసి దిబ్బ దగ్గరికి పంపేది. చరిత్ర కంటే పులిహోర కోసమే ఎక్కువమంది వచ్చేవాళ్ళు.

కోట దగ్గర ముసలి చెట్టొకటి ఉంది. కొమ్మలకి ఇనప ఊతాలు పెట్టి నిలబెట్టారు. వైద్యానికి ఆదిగురువు ఆ నీడలోనే పాఠం చెప్పాడని అంటారు, చెట్టుకి అంత వయసు లేదని కూడా అంటారు. దాని పక్కనే పాత అంగడి. ఒకప్పుడు ఓడల సరుకు దిగి అమ్ముడైన చోట ఇప్పుడు స్తంభాల మొదళ్ళు, ఎండిన గడ్డి, పిల్లులు. భూకంపం వచ్చి పైన ఉన్న ఊరు కూలితే కింద ఇది బయటపడిందట. అక్క ఒక స్తంభం మొదలు మీద కూర్చుని, దుకాణాలు ఎదురెదురుగా ఉన్నాయా, సరుకు తడవకుండా పైకప్పు ఉండేదా అని అడిగింది. వ్యాపారస్తుల ఇంటి కోడలు కదా. కళ్ళ కింద నల్లగా ఉంది. ఎండలోకి వస్తే కాస్త తూలుతోంది.

మధ్యాహ్నం బస్సులో గుడికి వెళ్ళాం. కొండవాలు మీద మూడు అంతస్తులుగా చదును చేసిన నేల, ఒకదాన్నుంచి ఇంకోదానికి రాతి మెట్లు. గుళ్ళు పడిపోయాయి, కొన్ని స్తంభాలు మళ్ళీ నిలబెట్టారు. పైనుంచి చూస్తే ఊరు, సముద్రం, అవతల టర్కీ కొండలు. నేను ఇన్నేళ్ళు చెప్పిన చోటు. పెద్దగా ఏమీ అనిపించలేదు. కాళ్ళు నొప్పులుగా ఉన్నాయి.

గైడు ఇంగ్లీషులో చెబుతున్నది అర్థం కాక అక్క నన్నడిగింది. క్లాసులో చెప్పిన ముక్కలే చెప్పాను. ఇక్కడి దేవుడు వైద్యుడు, మందుల షాపు బోర్డు మీద పాము చుట్టుకున్న కర్ర ఉంటుందే, అది ఆయనదే. రోగులు వచ్చి స్నానం చేసి ఈ ఆవరణలో నిద్ర చేసేవాళ్ళు. అక్క నా మొహంలోకి చూసింది. నేను ముందే అనుకుని ఆమెని అక్కడికి తీసుకెళ్ళానా అని తర్వాత ఆమె కూతురు అడిగింది. లేదు. నాకంత తెలివి లేదు.

అక్క కింది మెట్టు దగ్గరే చెప్పులు విప్పేసింది. సీసాలో నీళ్ళతో కాళ్ళు కడుక్కుంది. రాళ్ళు కాలుతున్నా మెట్లన్నీ ఎక్కి, ఎక్కడ పడుకునేవాళ్ళో చూపించమంది. పునాదులు మాత్రం మిగిలిన పొడవాటి వసారా ఒకటి చూపించి, బహుశా ఇక్కడే అన్నాను. విగ్రహం లేదు, పూజ లేదు, దేవుడున్నట్టా లేనట్టా అని ఆమె కాసేపు ఆలోచించింది. ఒక చోట గోడ నీడ పడుతోంది. అక్కడ కూర్చుని పమిట సర్దుకుంది.

"వేదాద్రిలో మీరిద్దరూ నిద్రపోయారు," అంది. కోపంగా కాదు. "ఆయన పోయిన రాత్రి నన్ను పిలిచారేమోనే. నేను వినలా. ఎవరో ఒకళ్ళు మేలుకుని ఉండాలి కదా."

అప్పటికి బావగారు పోయి ఏడాది దాటింది. మాత్రలు, మంటపం, నమ్మకం, మొండితనం అని మేం అందరం ఏవేవో అనుకున్నాం. ఆమె ఇన్నాళ్ళూ కాపలా కాస్తోంది. అందరూ పడుకుంటే చూసుకునే మనిషి ఉండాలని, ఆ మనిషి తనేనని. అక్క మీద అంత జాలి నాకు అంతకు ముందెప్పుడూ కలగలేదు.

"పడుకో అక్కా," అన్నాను. "నేను మేలుకుని ఉంటా."

"కూర్చోవద్దు. కూర్చుంటే నీకు కునుకు పడుతుంది."

నిలబడతానన్నాను. హ్యాండుబ్యాగు తల కింద పెట్టుకుని, మొహం మీద పమిట కప్పుకుని, గోడ వైపు తిరిగి పడుకుంది. కాసేపటికి ఊపిరి మారింది. ఇంకాసేపటికి చిన్నగా గురక. ఆ గురక నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఒకే మంచం మీద పడుకున్న రోజుల్లో దాని మీద మా అమ్మకి ఎన్నో ఫిర్యాదులు చేశాను.

గ్రూపువాళ్ళు బస్సు దగ్గరికి రమ్మని కింద నుంచి చేతులు ఊపారు. తర్వాత చూడాల్సినవి మ్యూజియం, నేలంతా రంగురాళ్ళతో బొమ్మలు పరిచిన పాత రోమను ఇల్లు. ఆ ఇంటి కోసమే నేను ముఖ్యంగా వచ్చాను. మమ్మల్ని వదిలేసి వెళ్ళమని చెయ్యి ఊపాను. లీడరు నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు చూసి వెళ్ళిపోయాడు. ఆ ఇల్లు నేను చూడలేదు. ఇప్పటికీ చూడలేదు.

అక్కడ కాపలా ఉండే ఆవిడ మెడలో విజిలు వేసుకుని వచ్చింది. మేం వచ్చినప్పటి నుంచీ రాళ్ళ మీద ఎవరైనా ఎక్కితే ఆ విజిలు మోగుతూనే ఉంది. అది నోటి దాకా వెళ్ళడం చూసి నేను రెండు చేతులూ జోడించాను. జబ్బా అని అడిగింది. అవునన్నాను. లోపల పడుకోకూడదు, బయట చెట్లున్నాయని చూపించింది. మా అక్క భర్త పోయాడని, ఏడాదిగా నిద్ర లేదని, ఇక్కడే పడుకోవాలని వచ్చీరాని ముక్కల్లో చెప్పాను. ఆమె అక్క పాదాల వైపు చూసింది. దుమ్ము కొట్టుకుని, మడమలు పగిలి, మెట్టెలు లేని కాళ్ళు. పది నిమిషాలు అని చెప్పి వెళ్ళింది. మళ్ళీ అటు వైపు రాలేదు. విజిలు మాత్రం దూరంగా వినిపిస్తూనే ఉంది.

నీడ జరిగింది. ఎండ అక్క మీదికి రాకుండా నేను అటు వైపు వెళ్ళి నిలబడ్డాను. ఎంతసేపో చూసుకోలేదు. సముద్రం మీద ఓడలు రెండు మూడు వచ్చాయి, వెళ్ళాయి. ఒక పిల్లి వచ్చి అక్క కాళ్ళ దగ్గర పడుకుని తనూ నిద్రపోయింది. గేటు మూసే వేళకి విజిలు ఆవిడ మెట్ల దగ్గర నిలబడి చేతి గడియారం చూపించింది. అక్కని లేపాను. లేవలేదు. రెండోసారి భుజం పట్టుకుని గట్టిగా కుదిపితే కళ్ళు తెరిచి, ఎక్కడున్నదీ తెలియక అటూ ఇటూ చూసింది. చెంప మీద బ్యాగు జిప్పు అచ్చు పడింది.

బావగారు కలలోకి వచ్చారా అని అడిగాను. అడగకూడదేమో గానీ అడిగాను.

"ఎవరూ రాలా," అంది. "ఒళ్ళు తెలీకుండా పడుకున్నా. నువ్వు నిలబడే ఉన్నావా?"

ఉన్నానన్నాను. నా కాళ్ళ వైపు చూసి, నమ్మినట్టు తల ఊపింది. కిందికి దిగి చెప్పులు వేసుకుంది. ఆ సాయంత్రం అక్క ఆ ఇంటి గుమ్మంలో ఒక్క నిమిషం ఆగి, తొట్టిని దాటుకుని లోపలికి వచ్చింది. ఇంటావిడ ఏదో వేపుడు పెట్టింది. అక్క రెండోసారి వడ్డించుకుంది. మిగిలిన టూరు గురించి చెప్పుకోదగ్గదేమీ లేదు.

హైదరాబాదులో విమానం దిగి బెజవాడ బస్సెక్కాం. ముందు పేట వస్తుంది, అక్క అక్కడ దిగాలి. తర్వాత నందిగామ, అది నాది. పేట దిగేవాళ్ళు రావాలని కండక్టరు కేకేస్తే నేను లేచి అక్కకి దారి ఇచ్చాను. అక్క కదల్లేదు. ఇంటి నుంచి కావాల్సిన సామాను తర్వాత తెచ్చుకుంటానంది, బెజవాడ వెళ్తున్నానంది. ఎప్పుడు అనుకున్నావని అడగలేదు. టిక్కెట్టు కూడా ముందే బెజవాడకి తీసుకుంది, నేనే చూసుకోలేదు.

నందిగామ వచ్చింది. బస్టాండులో మావారు స్కూటరు పక్కన నిలబడి కిటికీల్లోకి చూస్తున్నారు. నేను బ్యాగు భుజానికి తగిలించుకుంటుంటే అక్క నా మణికట్టు పట్టుకుంది.

"ఈ ఒక్క రాత్రికి నువ్వూ రావే," అంది. "నేను పడుకుంటా. నువ్వు మేలుకుని ఉందువుగాని."

బ్యాగు మళ్ళీ పైన పెట్టాను. కిటికీలోంచి మావారికి ఇంటికి వెళ్ళిపొమ్మని సైగ చేశాను. ఆయనకి ఏమీ అర్థం కాలేదు. ఇంటికెళ్ళి ఫోనులో కూడా అర్థం కాలేదన్నారు. బస్సు కీసర దాటకముందే అక్క నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నేను బెజవాడ దాకా కళ్ళు మూయలేదు.